పేజీ మారినా వివరాలు నిలవాలంటే: పీహెచ్‌పీ సెషన్ వేరియబుళ్లను వాడే పద్ధతి

విశాఖపట్నం నుంచి అరకు, బొర్రా గుహలకు వ్యాన్లు నడిపే ఒక చిన్న ట్రావెల్స్ వారికి సీట్ల బుకింగ్ ఫారం తయారుచేసి ఇవ్వాలనుకుందాం. మొదటి పేజీలో ప్రయాణికుడి పేరు, ఫోన్ నంబరు, ఎన్ని సీట్లు కావాలో అడుగుతాము. రెండో పేజీలో ఎక్కడ ఎక్కుతారో, అంటే గాజువాకా, ఎన్‌ఏడీ జంక్షనా, ఆర్టీసీ కాంప్లెక్సా, మద్దిలపాలెమా అన్నది ఎంచుకోమంటాము. మూడో పేజీలో అన్నీ ఒకచోట చూపించి, సరిచూసుకుని డబ్బు కట్టమంటాము. ఈ మూడు పేజీలను విడివిడిగా రాయడం కష్టమేమీ కాదు. మొదటి పేజీలో టైపు చేసిన పేరును మూడో పేజీలో చూపించాల్సి వచ్చినప్పుడే కొత్తగా నేర్చుకునేవారు ఆగిపోతారు. సాయంత్రం పూట ద్వారకానగర్‌లో నేను పాఠం చెప్పే విద్యార్థులలో ఇక్కడ ఆగనివారిని నేను చూడలేదు.

దీనికి కారణం వెబ్ పనిచేసే తీరులోనే ఉంది. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ పద్ధతిలో ప్రతి రిక్వెస్టూ దేనికదే. అడిగిన పేజీని పంపించాక, ఆ పేజీని ఎవరు అడిగారో సర్వర్ గుర్తు పెట్టుకోదు. మరుక్షణం అదే మనిషి రెండో పేజీ అడిగినా సర్వర్‌కు ఆయన కొత్తవాడే. ఈ ఇబ్బందిని తీర్చడానికే 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లీ కుకీని, అంటే సర్వర్ ఇస్తే బ్రౌజర్ దాచుకుని తర్వాతి రిక్వెస్టులతో వెనక్కి పంపే చిన్న సమాచారపు ముక్కను, రూపొందించారు. ఆన్‌లైన్ దుకాణంలో కొనేవారి బుట్టలో ఏమున్నదో గుర్తుంచుకోవడం అప్పటి అవసరాలలో ఒకటి. మన బుకింగ్ ఫారం అవసరమూ అదే.

వివరాలను పేజీ నుంచి పేజీకి చేర్చడానికి వేరే దారులు లేకపోలేదు. యూఆర్‌ఎల్ చివర తగిలించి పంపవచ్చు, కానీ అప్పుడు ప్రయాణికుడి ఫోన్ నంబరు బ్రౌజర్ హిస్టరీలోనూ సర్వర్ లాగ్ ఫైళ్లలోనూ అచ్చుపడి ఉండిపోతుంది. కాంప్లెక్స్ దగ్గర నెట్ సెంటర్‌లో కూర్చుని బుక్ చేసుకున్నవారి నంబరు తర్వాత అదే కుర్చీలో కూర్చున్నవారికి కనిపించడం ఎవరికీ సమ్మతం కాదు. ఫారంలో హిడెన్ ఫీల్డులుగా దాచి పంపవచ్చు, కానీ అవి దాగి ఉన్నది కంటికి మాత్రమే. బ్రౌజర్‌లో పేజీ సోర్స్ తెరిచే ఎవరైనా వాటిని చదవగలరు, మార్చి పంపగలరు. సీటు ధరను హిడెన్ ఫీల్డులో పెట్టి, వెనక్కి వచ్చిన అంకెనే నమ్మి లెక్క కట్టే కోడ్ నేను ఒకటికి రెండుసార్లు చూశాను. అటువంటి కోడ్ ఎవరు రాసినా వెంటనే మార్చమనే చెబుతాను.

పోనీ, వివరాలన్నీ కుకీలోనే పెడదామంటే, ఒక్కో కుకీకి దాదాపు 4096 బైట్ల పరిమితి ఉంది. తెలుగువారికి ఇది వినడానికి ఉన్నంత పెద్దది కాదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. 'విశాఖపట్నం' అన్న మాటలో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అన్నీ కలిపి 10 సంకేతాలు, అంటే 30 బైట్లు. మనం సర్వర్ వైపు కోడ్ రాసే భాష అయిన పీహెచ్‌పీ దాన్ని కుకీలో పెట్టేటప్పుడు ప్రతి బైటునూ పర్సెంట్ గుర్తుతో మూడు అక్షరాలుగా మార్చి రాస్తుంది కాబట్టి ఆ ఒక్క ఊరి పేరే 90 అక్షరాలవుతుంది. ఆ లెక్కన ఒక కుకీలో పట్టేది 455 తెలుగు సంకేతాలు మాత్రమే.

సెషన్ ఈ మూడింటికంటే మెరుగైన దారి. సింహాచలం కొండ మీద చెప్పుల స్టాండులో చెప్పులు ఇస్తే చేతికి ఒక టోకెన్ ఇస్తారు. చెప్పులు స్టాండులోనే ఉంటాయి, మన దగ్గర ఉండేది అంకె ఒక్కటే. సెషన్‌లోనూ పేరు, ఫోన్ నంబరు వంటి వివరాలు సర్వర్‌లో ఉంటాయి, బ్రౌజర్ దగ్గర సెషన్ ఐడీ అనే పొడవైన అక్షరాల వరుస ఒక్కటే కుకీగా ఉంటుంది. ప్రతి రిక్వెస్టుతో బ్రౌజర్ ఆ టోకెన్ చూపిస్తుంది, సర్వర్ ఆ టోకెన్‌కు చెందిన అరలోని వస్తువులు తీసి మన ముందు పెడుతుంది. టోకెన్ ఎవరు తెస్తే వారికే చెప్పులు ఇచ్చే పద్ధతి కనుక, టోకెన్‌ను కాపాడుకోవడం కూడా ఇందులో భాగమే.

మొదటి పేజీ నుంచి మూడో పేజీ దాకా

ఇక్కడ ఫంక్షన్ల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. కోడ్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో, రెండు మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టి రాయాలి. కీ అనే పేర్ల కింద విలువలు దాచే సెషన్ అర్రేను మాత్రం డాలర్ గుర్తు, అండర్‌స్కోర్, ఆ తర్వాత పెద్ద అక్షరాలలో సెషన్ అన్న మాట, ఈ వరుసలో రాయాలి. పీహెచ్‌పీలో సెషన్లు 2000 సంవత్సరంలో వచ్చిన 4వ వెర్షన్ నుంచి ఉన్నాయి. సెషన్ అర్రే ఆ మరుసటి ఏడాది 4.1తో వచ్చింది. చేతులు మారుతూ వచ్చిన పాత నోట్సుల్లో ఇప్పటికీ సెషన్ రిజిస్టర్ అనే ఫంక్షన్ కనిపిస్తుంటుంది. దాన్ని 2012లో 5.4 వెర్షన్‌లోనే తీసివేశారు కాబట్టి ఆ పుటను దాటి ముందుకు వెళ్లండి.

సెషన్ వాడే ప్రతి పేజీలోనూ, మూడు పేజీలైతే మూడింటిలోనూ, మొట్టమొదట సెషన్ స్టార్ట్‌ను పిలవాలి. పేరులో స్టార్ట్ అని ఉన్నా, అది ప్రతిసారీ కొత్త సెషన్‌ను మొదలుపెట్టదు. వచ్చిన రిక్వెస్టులో టోకెన్ ఉంటే పాత అరను తెరుస్తుంది, లేకపోతేనే కొత్త అర కేటాయిస్తుంది. రెండో పేజీలో దాన్ని పిలవడం మరచిపోతే మొదటి పేజీలో దాచినదేదీ కనిపించదు.

మొదటి పేజీ ఫారం పోస్ట్ పద్ధతిలో, అంటే వివరాలు యూఆర్‌ఎల్‌లో కాక రిక్వెస్టు లోపల, వచ్చాక, వివరాలను ముందు తనిఖీ చేయండి: పేరు ఖాళీగా లేదు కదా, ఫోన్ నంబరులో 10 అంకెలు ఉన్నాయా, సీట్ల సంఖ్య వ్యాన్‌లో పట్టేంతలో ఉందా. తనిఖీలో నిలిచిన విలువలనే సెషన్ అర్రేలో 'పేరు', 'ఫోన్', 'సీట్లు' అనే కీల కింద పెట్టండి. ఆ కీలను తెలుగు లిపిలోనే రాసినా పీహెచ్‌పీ అభ్యంతరం చెప్పదు. పేరు పొడవు కొలవడానికి స్ట్ర్‌లెన్ వాడితే అది బైట్లను లెక్కిస్తుంది కాబట్టి, 50కి మించకూడదని పెట్టిన నియమం పొడవైన తెలుగు పేర్లను అన్యాయంగా తిప్పికొడుతుంది. అక్కడ ఎంబీ స్ట్ర్‌లెన్ వాడాలి.

వివరాలు దాచాక లొకేషన్ హెడర్ ద్వారా రెండో పేజీకి పంపించి, ఆ వెంటనే తర్వాతి వరుసలో ఎగ్జిట్ రాయండి. హెడర్ అన్నది బ్రౌజర్‌కు చెప్పే కబురు మాత్రమే. అది మన స్క్రిప్టును ఆపదు. ఎగ్జిట్ లేకపోతే కింద మిగిలిన కోడ్ అంతా నడుస్తుంది, అందులో సెషన్‌ను ఖాళీ చేసే వరుస ఏదైనా ఉంటే అదీ నడుస్తుంది. రెండో పేజీ, తన వంతు వివరం తీసుకునే ముందు, 'పేరు' అనే కీ ఉన్నదో లేదో ఇసెట్‌తో చూడాలి. లేకపోతే మొదటి పేజీకి మర్యాదగా వెనక్కి పంపాలి. మూడో పేజీలో వివరాలను చూపించేటప్పుడు ప్రతి విలువనూ, అందులోని ట్యాగులు పేజీలో కోడ్‌గా నడవకుండా మార్చే హెచ్‌టీఎమ్‌ఎల్ స్పెషల్ చార్స్ (దీని పేరులో అండర్‌స్కోర్లు ఉండవు, అంతా కలిపి రాయాలి) గుండా పంపి ముద్రించండి. సెషన్‌లో నుంచి వచ్చినంత మాత్రాన ఆ మాట మనది కాదు, మొదటి పేజీలో ఎవరో టైపు చేసినదే. ధరను మాత్రం సీట్ల సంఖ్యను బట్టి అక్కడే లెక్కగట్టాలి.

దాచినది ఎలా ఉంటుందో ఒకసారి కళ్లారా చూస్తే సందేహాలు చాలావరకు తీరిపోతాయి. సెషన్ సేవ్ పాత్ అనే సెట్టింగ్ చూపే ఫోల్డర్‌లో ప్రతి సెషన్‌కూ ఒక ఫైలు ఉంటుంది. ఉబుంటులో అది వార్, లిబ్, పీహెచ్‌పీ, సెషన్స్ అనే వరుసలో ఉంటుంది. దాన్ని మామూలు ఎడిటర్‌లో తెరిస్తే, ఇంగ్లీషు అక్షరాలను తెలుగులో రాసి చూపిస్తే, ఇలా కనిపిస్తుంది:

ఊరు|ఎస్:30:"విశాఖపట్నం";సీట్లు|ఐ:4;

ఎస్ అంటే స్ట్రింగ్, 30 దాని బైట్ల సంఖ్య, ఐ అంటే పూర్ణాంకం. ఇక్కడ పర్సెంట్ గుర్తులు లేవు, పేరు ఉన్నది ఉన్నట్టే ఉంది. అదే సమయంలో దీనికి ఏ తాళమూ లేదన్న సంగతి కూడా గమనించండి. ఆ ఫోల్డర్‌ను చదవగలిగిన ఎవరైనా దీన్ని చదవగలరు. అందుకే పాస్‌వర్డులు, ఆధార్ నంబర్లు, కార్డు వివరాలు సెషన్‌లో ఎప్పుడూ పెట్టవద్దు. లాగిన్ ఉన్న సైటు అయితే వాడుకరి క్రమసంఖ్య ఒక్కటి పెట్టి, మిగిలినది డేటాబేస్ నుంచి తెచ్చుకోవాలి.

మన కంప్యూటర్‌లో నడిచి, సర్వర్‌లో నడవనప్పుడు

సెషన్ ఐడీ కుకీ హెడర్లలో వెళుతుంది, హెడర్లు పేజీలోని మొదటి అక్షరం కంటే ముందే వెళ్లాలి. కనుక సెషన్ స్టార్ట్‌కు ముందు ఒక ఖాళీ వరుస బయటికి వెళ్లినా, హెడర్లు అప్పటికే పంపబడ్డాయన్న హెచ్చరిక వస్తుంది. ఇది అందరికీ తెలిసినదే. తెలియనిది ఏమిటంటే, కంటికి కనిపించని మూడు బైట్లు కూడా అదే పని చేస్తాయి.

నాకు ఇది అనుభవంలో తెలిసింది. తెలుగులో ముఖపేజీ ఉన్న ఒక సైటును ఇంట్లో కంప్యూటర్ మీద వారం రోజులు నడిపి చూసి, తృప్తిపడి సర్వర్‌లోకి ఎక్కించాను. అక్కడ లాగిన్ అయినవారు రెండో పేజీకి వెళ్లగానే బయటికి వచ్చేస్తున్నారు. కోడ్‌ను వరుస వరుసగా చదివాను, తప్పు దొరకలేదు. చివరికి ఫైలును హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే, పీహెచ్‌పీ ఆరంభపు గుర్తుకు ముందు ఈఎఫ్, బీబీ, బీఎఫ్ అనే మూడు బైట్లు కూర్చుని ఉన్నాయి. తెలుగు అక్షరాలు చెదరకూడదని పాత విండోస్‌లోని నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేసినప్పుడు అది ఫైలు మొదట్లో తనంతట తాను చేర్చిన, ఇది యూటీఎఫ్-8 అని తెలిపే బామ్ గుర్తు అది. ఇంట్లో ఎందుకు బయటపడలేదంటే, అక్కడి సెట్టింగుల ఫైలులో ఔట్‌పుట్ బఫరింగ్ 4096 అని ఉంది. పీహెచ్‌పీ మొదటి అక్షరాలను వెంటనే పంపకుండా పట్టి ఉంచుకోవడంతో హెడర్లకు అవకాశం దొరికింది. సర్వర్‌లో ఆ బఫరింగ్ లేదు, హెచ్చరికలు తెర మీద చూపవద్దని కూడా అక్కడ సెట్ చేసి ఉంది. తెలుగులో పేజీలు రాసేవారు ఎడిటర్‌లో బామ్ లేని యూటీఎఫ్-8ను ఎంచుకోవాలని, ముందే ఇంట్లో బఫరింగ్ ఆపి పరీక్షించాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఎంతసేపు ఉంటుంది

పీహెచ్‌పీ తనంతట తాను పెట్టుకునే గడువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. అంతసేపు కదలిక లేని ఫైలును చెత్తగా లెక్కగట్టి తీసివేయడానికి అనుమతి ఉంటుంది. తీసివేయడం మాత్రం సరిగ్గా ఆ నిమిషంలో జరగదు. మామూలు అమరికలో నూటికి ఒక రిక్వెస్టు సమయంలో ఊడ్చే పని మొదలవుతుంది. ఉబుంటు, డెబియన్‌లలో ఆ పనిని విడిగా, నిర్ణీత వ్యవధుల్లో దానంతట అదే నడిచే ఒక ప్రోగ్రాం చూసుకుంటుంది. అనేక సైట్లు ఒకే ఫోల్డర్‌ను పంచుకునే హోస్టింగ్‌లో, వాటిలో అతి తక్కువ గడువు పెట్టిన సైటే అందరి ఫైళ్లనూ ఊడ్చేస్తుంది. కాబట్టి మీ సైటుకు సొంత సేవ్ పాత్ పెట్టుకోండి. గడువు నిక్కచ్చిగా ఉండాలంటే, చివరిసారి కదలిక ఎప్పుడు జరిగిందో సెషన్‌లోనే ఒక కీ కింద రాసుకుని, ప్రతి పేజీ మొదట్లో మీరే సరిచూడండి.

బుకింగ్ ఫారానికి 24 నిమిషాలు చాలవని నా అభిప్రాయం. ఇంట్లో పెద్దవారు నింపుతుంటే మధ్యలో పిల్లలకు ఫోన్ చేసి ఎన్ని సీట్లో అడుగుతారు, భోజనానికి లేస్తారు, తిరిగి వచ్చి నొక్కుతారు. అప్పటికి అర ఖాళీ అయి ఉంటే తెల్లటి పేజీనో, పేరు లేని రసీదునో చూపడం వారి సమయాన్ని అగౌరవపరచడమే. గడువును ఒక గంటకు పెంచండి. అది కూడా దాటితే, మొదటి పేజీకి పంపి, 'సమయం మించిపోయినందున వివరాలు మళ్లీ ఇవ్వగలరు' అన్న మాటను అక్కడ చూపించండి. ఆ మాటను సెషన్‌లో పెట్టి, చూపించిన వెంటనే అన్‌సెట్‌తో తీసివేయాలి, లేకపోతే ఎన్నిసార్లు పేజీ తెరిచినా అదే కనిపిస్తుంటుంది.

రెండు ట్యాబులు, ఒక అర

సెషన్ బ్రౌజర్‌కు చెందినది, ట్యాబుకు కాదు. మేము చేసిన బుకింగ్ ఫారంలో ఒక ఇల్లాలు ఒక ట్యాబులో తన తల్లిదండ్రులకు రెండు సీట్లు, మరో ట్యాబులో అత్తవారింటివారికి నాలుగు సీట్లు నింపసాగారు. రెండు ట్యాబులూ ఒకే కుకీని చూపించాయి. 'సీట్లు' అన్న కీ ఒక్కటే కావడంతో తర్వాత రాసిన 4, ముందు రాసిన 2ను చెరిపేసింది. ఎన్‌ఏడీ దగ్గర ఎక్కవలసిన ఇద్దరు పెద్దవారి పేర్ల మీద నాలుగు సీట్లు నమోదయ్యాయి. ఉదయాన్నే ఫోన్ వచ్చేదాకా మాకు ఆ లోపం తెలియలేదు. తప్పు పూర్తిగా నా కోడ్‌దే.

అప్పటి నుంచి ప్రతి ఫారం మొదలైనప్పుడు ఒక యాదృచ్ఛిక సంఖ్యను తయారుచేసి, దాన్ని ఆ ఫారంలో హిడెన్ ఫీల్డుగా పంపిస్తున్నాను. సెషన్‌లో 'బుకింగ్‌లు' అనే కీ కింద ఆ సంఖ్య పేరుతో ఒక చిన్న అర్రే పెట్టి, అందులోనే పేరు, ఫోన్, సీట్లు ఉంచుతున్నాను. ఎన్ని ట్యాబులు తెరిచినా ఎవరి అర వారిదే. హిడెన్ ఫీల్డులో ఉన్నది ధర కాదు, అర సంఖ్య మాత్రమే. దాన్ని ఎవరైనా మార్చి పంపినా అది వారి సెషన్‌లోని అరలలోనే వెతుకుతుంది, ఇతరులది దొరకదు. బుకింగ్ పూర్తయిన వెంటనే ఆ చిన్న అర్రేను తీసివేస్తే సెషన్ ఫైలు బరువెక్కదు.

ఒకే మనిషి నుంచి రెండు రిక్వెస్టులు ఒకేసారి వచ్చినప్పుడు ఇంకొకటి కూడా జరుగుతుంది. మొదటి రిక్వెస్టు ముగిసేదాకా పీహెచ్‌పీ ఆ సెషన్ ఫైలుకు తాళం వేసి ఉంచుతుంది, రెండోది వేచి ఉంటుంది. ఒక పేజీ పెద్ద నివేదిక తయారుచేస్తూ అర నిమిషం తీసుకుంటే, ఆ వాడుకరికి మిగతా పేజీలన్నీ అర నిమిషం ఆగిపోతాయి. సెషన్‌తో పని అయిపోగానే సెషన్ రైట్ క్లోజ్‌ను పిలిస్తే తాళం విడుస్తుంది.

టోకెన్‌ను కాపాడటం

కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ గుర్తు పెడితే పేజీలోకి చొరబడిన జావాస్క్రిప్ట్ దాన్ని చదవలేదు. సెక్యూర్ గుర్తు పెడితే హెచ్‌టీటీపీఎస్ మీద తప్ప అది ప్రయాణించదు. యూజ్ స్ట్రిక్ట్ మోడ్‌ను 1 చేస్తే, తాను ఇవ్వని టోకెన్‌ను సర్వర్ ఒప్పుకోదు. ఇది మామూలుగా ఆపి ఉంటుంది కాబట్టి మీరే తెరవాలి. లాగిన్ విజయవంతమైన మరుక్షణం సెషన్ రీజెనరేట్ ఐడీని ట్రూ అన్న విలువతో పిలవండి. ఎవరో ముందే ఒక టోకెన్ మనవారి చేతిలో పెట్టి, వారు లాగిన్ అయ్యాక అదే నంబరుతో వచ్చి అర తెరిచే మోసానికి ఇది అడ్డుకట్ట.

వేరే సైటు నుంచి వచ్చే రిక్వెస్టుతో కుకీని పంపాలో వద్దో చెప్పే సేమ్‌సైట్ గుర్తు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు చెల్లింపు ఉన్న ప్రతి సైటులో ఇది ఒకరోజు ఎదురవుతుంది. పీహెచ్‌పీ 7.3 నుంచి దీన్ని సెషన్ కుకీకి నేరుగా అమర్చవచ్చు, లాక్స్ అన్న విలువ చాలావరకు సరిపోతుంది. 2020 నుంచి క్రోమ్ ఏ విలువా లేని కుకీని లాక్స్‌గానే చూస్తోంది. లాక్స్ ఉన్నప్పుడు, వేరే సైటు నుంచి పోస్ట్ పద్ధతిలో మన సైటుకు వచ్చే రిక్వెస్టుతో కుకీ రాదు. చెల్లింపు పూర్తయ్యాక పేమెంట్ గేట్‌వే, అంటే డబ్బు తీసుకునే వేరే సైటు, మనిషిని వెనక్కి పంపేది తరచుగా పోస్ట్‌తోనే. అంటే డబ్బు కట్టి వచ్చిన మనిషి టోకెన్ లేకుండా మన గుమ్మంలో నిలబడతాడు. ఆ పేజీలో సెషన్ స్టార్ట్ పిలిస్తే సర్వర్ కొత్త టోకెన్ ఇచ్చి, పాతదాన్ని బ్రౌజర్‌లో చెరిపేస్తుంది. ఆ తర్వాత వివరాలు మళ్లీ దొరకవు.

కాబట్టి గేట్‌వే తిరిగి వచ్చే పేజీలో సెషన్‌ను తాకనే వద్దు. చెల్లింపుకు పంపే ముందే బుకింగ్ మొత్తాన్ని డేటాబేస్‌లో ఒక ఆర్డర్ నంబరుతో రాసిపెట్టండి. తిరిగి వచ్చిన పేజీలో గేట్‌వే పంపిన సంతకాన్ని సరిచూసి, ఆర్డర్ నంబరును బట్టి చెల్లింపు నమోదు చేసి, అక్కడి నుంచి రసీదు పేజీకి లొకేషన్ హెడర్‌తో పంపండి. ఆ రెండో అడుగు గెట్ రిక్వెస్టు, అంటే లింకు నొక్కినట్టు పేజీని మామూలుగా అడగడం కనుక పాత టోకెన్ మళ్లీ వస్తుంది, మనిషి తన సెషన్‌లోకే చేరుకుంటాడు.

సైటు పెరిగి రెండు మూడు సర్వర్లు అయినప్పుడు ఫైళ్లు ఒకదానిలో, రిక్వెస్టు మరొకదానికి వెళ్లే చిక్కు వస్తుంది. అప్పుడు సెషన్లను అన్ని సర్వర్లూ చదవగలిగే చోట, అంటే రెడిస్ అనే వేగవంతమైన నిల్వలోనో డేటాబేస్‌లోనో ఉంచాలి. పేజీలలోని కోడ్ మారదు.

ఇక లాగౌట్. సెషన్ డిస్ట్రాయ్ ఒక్కటి పిలిస్తే సర్వర్‌లోని ఫైలు పోతుంది కానీ, ఆ పేజీ నడుస్తున్నంతసేపూ సెషన్ అర్రేలోని విలువలు అలాగే ఉంటాయి, బ్రౌజర్‌లోని కుకీ కూడా ఉంటుంది. కాబట్టి సెషన్ స్టార్ట్ పిలిచి, అర్రేను ఖాళీ చేసి, కుకీని అదే పేరుతో, అదే పాత్‌తో, గడచిపోయిన కాలాన్ని గడువుగా పెట్టి మళ్లీ పంపి, చివర సెషన్ డిస్ట్రాయ్ పిలవాలి.

ఇది నిజంగా పనిచేసిందా అన్నది ఇలా చూడండి. లాగౌట్‌కు ముందు బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ తెరిచి, కుకీలలో ఉన్న సెషన్ ఐడీని ఒక కాగితం మీద రాసుకోండి. లాగౌట్ నొక్కి, అదే ఐడీని చేత్తో మళ్లీ కుకీలో అతికించి, మూడో పేజీని నేరుగా తెరవండి. మొదటి పేజీకి వెనక్కి పంపి, కుకీలో కొత్త ఐడీ కనిపిస్తే మీ లాగౌటూ, స్ట్రిక్ట్ మోడూ రెండూ సరిగ్గా ఉన్నట్టు. ప్రయాణికుడి పేరు మళ్లీ తెర మీదికి వస్తే, సెషన్ ఫోల్డర్‌లో ఆ ఐడీ పేరుతో ఉన్న ఫైలు ఇంకా పోలేదన్నమాట. సైటును జనం ముందు పెట్టే ముందు ఆ ఫైలు ఎందుకు మిగిలిందో కనుక్కోవాలి.